కొండయ్య కుడిచెయ్యి

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాయనమ్మ తిరుపతమ్మ, అమ్మ రవణమ్మ, అన్న మాలకొండయ్య, వదిన ప్రసూన, ఇందుమతి. వీళ్ళు కాక, కొండయ్య కుడిభుజానికి కొత్తగా బిగించిన చెయ్యి ఒకటి ఉంది. దాన్ని మనుషుల్లో కలపాలో సామాన్లలో కలపాలో ఇందుమతికి ఆ పొద్దున తెలియలేదు.

ఒంగోలు నుంచి వచ్చిన ఆటో వాకిట్లో ఆగింది. కొండయ్య ఆ చేత్తోనే కమ్మీ పట్టుకుని దిగాడు. వీధి వీధంతా వచ్చి చూసింది. చెయ్యి చామనఛాయలో ఉంది. వేళ్ళకి గోళ్ళు కూడా పెట్టారు. మోచేతి మడత దగ్గర మాత్రం రబ్బరు తొడుగు జరిగి బూడిదరంగు ఇనుము కనపడుతోంది. ప్రసూన మంచినీళ్ళు తెచ్చిస్తే ఆ చేత్తో గ్లాసు అందుకుని, ఒక్క చుక్క ఒలకకుండా తాగాడు. రవణమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఏడవదా మరి. కిందటేడు క్వారీలో రాయి కోసే వైరు తెగింది. వజ్రపు పూసలు గుచ్చిన ఇనుపతాడు అది. తిరుగుతూ తిరుగుతూ కొండంత రాయిని వెన్నలా కోస్తుంది. తెగితే మాత్రం ఎటు లేస్తుందో ఎవరికీ తెలియదు. ఆ రోజు అది కొండయ్య కుడిచేతిని భుజం దగ్గర తెంపుకుని పోయి, అదే ఊపులో వెనక నిలబడ్డ తోటి కూలీ సుంకన్న మెడ కూడా తెంపింది. సుంకన్న నోట్లో బీడీ అలాగే ఉందని చూసినవాళ్ళు చెప్పారు.

"లోపలికి అడుగు పెట్టబాక. ఊరి కళ్ళన్నీ నా మనవడి మీదే పడినయ్. దిష్టి తియ్యాల," అంది తిరుపతమ్మ.

గుప్పిట నిండా కల్లుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకొచ్చి కొండయ్యని గడప ముందు నిలబెట్టింది. మనవడు పొడగరి. ఆమె ముంగాళ్ళ మీద లేచి అతని ముఖం చుట్టూ గుప్పిట తిప్పడం మొదలుపెట్టింది. పెదవులు ఏవో గొణుగుతున్నాయి. ఒక చుట్టు బాగానే తిరిగింది. రెండో చుట్టులో గుప్పిట అతని కళ్ళకి మరీ దగ్గరగా వచ్చింది.

చెయ్యి లేచింది.

తిరుపతమ్మ గుప్పిటని గుప్పిటలాగే పట్టుకుని నొక్కేసింది. చెరుకుగడ విరిచిన చప్పుడు వచ్చింది, ఒకసారి కాదు, వరసగా. వేళ్ళ సందుల్లోంచి ఉప్పు రాలింది. ఆ వెంటనే నెత్తురు కారింది. ముసలామె అరవలేదు, నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. కొండయ్య ముఖంలో కోపం లేదు. ఆశ్చర్యం కూడా ఇంకా రాలేదు. చెయ్యి పని కానిచ్చేసిన తర్వాతే ముఖానికి సంగతి తెలిసింది. అప్పుడు అరిచాడు. ఎడమచేత్తో ఆ వేళ్ళని ఊడదీయబోయాడు, మోకాళ్ళ మీద కూలబడి తలతో దాన్ని మోదాడు. నాయనమ్మ స్పృహ తప్పి ఆమె చెయ్యి మెత్తబడ్డాక గానీ అది వదల్లేదు.

ఉప్పూ కారమూ పడి మండుతున్న ఆ గాయాన్ని ఇందు బిందెనీళ్ళు పోసి కడిగింది. మధ్యవేలు తోలుకి వేలాడుతోంది.

* * *

చేతులు బిగించే కేంద్రంలో ఇంజినీరు దమయంతి అంతా విని, "ముఖం ముందు గుప్పిట ఎందుకు తిప్పారు?" అని అడిగింది.

"దిష్టి తీసింది మేడం," అన్నాడు కొండయ్య.

దమయంతి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మా నాయనమ్మా తీసేది. దీనికి నేర్పేటప్పుడు అది మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు."

అన్నకి తోడుగా వచ్చిన ఇందు గోడవారగా నిలబడింది. కొత్తవాళ్ళ ముందు ఆమెకి నోరు పెగలదు. కానీ చెయ్యి బిగించే రోజున ఈ మేడం చెప్పిన ముక్క ఆమెకి బాగా గుర్తుంది. చెయ్యి ఒకటే, దానిలో వేసే సాఫ్ట్‌వేర్లు రెండు రకాలు. ఒకటి వట్టిది. మెదడు చెప్పిందే చేస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. గ్లాసు ఎత్తడం నేర్చుకోవడానికే నెలల తరబడి పడుతుంది. రెండోది ఆ వట్టిదాని మీద చెయ్యి చేసిన కంపెనీ తన సొంత తెలివి అద్ది తయారు చేసింది. మనిషి చెప్పబోయేదాన్ని అది ముందే పసిగట్టి చేసేస్తుంది. మీదికి వచ్చేదాన్ని మనిషి చూడకముందే ఆపుతుంది. క్వారీలో రాయి దొర్లితే ప్రాణం కాపాడుతుంది. ఏది కావాలని అడిగితే కొండయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎవరు మాత్రం ఆలోచిస్తారు, అదే రోజు సొంత చేత్తో అన్నం తినొచ్చంటే.

ఇందుకి అది కొత్త సంగతేమీ కాదు. కొండయ్య కొనిచ్చిన ఫోనులో కూడా కంపెనీవాళ్ళు పెట్టిన చెత్త బోలెడుంటే, అంతా తుడిచేసి వట్టిది ఎక్కించుకుంది. బళ్ళో ఆడపిల్లల ఫోన్లకి కూడా అదే చేసిపెట్టేది. ఫోను మాట వినకపోతే విసుగొస్తుంది, అంతే.

దమయంతి వాళ్ళని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. బల్లకి బిగించిన అలాంటి చెయ్యే ఒకటి అక్కడ ఉంది. దానికి పైన బొమ్మ తల. సహాయకుడు మెత్తటి బంతి విసిరితే చెయ్యి సుతారంగా పట్టుకుంది. తర్వాత కర్రకి కట్టిన సున్నపు గుప్పిటని బొమ్మ ముఖం ముందు తిప్పాడు. చెయ్యి దాన్ని పిండి చేసి, కర్రని లాక్కుని, సహాయకుడి వైపు ఒక్క పోటు పొడిచింది. అతను ఎగిరి పక్కకి దూకాడు. అతని చొక్కా కింద కట్టు కనపడింది, ఇది మొదటి పోటు కాదు.

"కావాలంటే ఇప్పుడే తీసేసి వట్టిది వేస్తాను," అంది దమయంతి.

"వట్టిదేసుకుంటే క్వారీ గేటు దాటనియ్యరు మేడం. గేటుకాడ మిషనుంటది, చేతిలో ప్రాణం కాపాడేది ఉందో లేదో చూస్తది."

"అయితే కొన్నాళ్ళు ఇదే వాడండి. మీ నరాలు అలవాటు పడ్డాక వట్టిది వేసుకున్నా తేడా పెద్దగా తెలియదు. ఈలోగా దీనికి దిష్టి నేర్పిస్తాం. వచ్చే అప్‌డేట్‌లో వస్తుంది."

కొండయ్య తలూపాడు. మెట్లు దిగేటప్పుడు, "దిష్టి తీసేటప్పుడు కొట్టదంట. శుభం," అన్నాడు. ఇందుకి నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇంటికొచ్చేదాకా సిగ్గుపడింది.

* * *

అప్‌డేట్ వచ్చింది. నాయనమ్మ ఇంక ఎవరికీ దిష్టి తీయలేదు, తీయడానికి ఆమెకి గుప్పిట మూసుకోదు.

క్వారీ దగ్గర టీబడ్డీలో ఏడుకొండలనే వైరు ఆపరేటరు, వెనక నుంచి వచ్చి కొండయ్య వీపు మీద చరిచాడు. "ఏందిరా అల్లుడా, ఇనప చేత్తో గూడా అర గ్లాసు టీయే తాగుతున్నావా, ఫుల్లు చెప్పు." వాళ్ళలో అది మామూలే. వీపు మీద దెబ్బ పడందే అక్కడ పలకరింపు పూర్తి కాదు. చెయ్యి వెనక్కి తిరిగిన తీరు మనిషి చెయ్యి తిరిగే తీరు కాదు. ఏడుకొండలు మెడ కింది ఎముక చొక్కాని చీల్చుకుని బయటికొచ్చింది. పొయ్యి మీది పాలగిన్నె మీద పడి అతని చెంప కాలింది.

కొండయ్య ఆసుపత్రికి వెళ్ళాడు. ఏడుకొండలు మంచం దగ్గర కూర్చుని ఏడ్చాడు. "నేను గాదు మామా. చెయ్యి కొట్టింది."

"నాకు దెలవదా ఏందిరా," అన్నాడు ఏడుకొండలు కట్ల మధ్య నుంచి.

ఆ తర్వాత కొండయ్య బడ్డీకి వస్తే జనం తప్పుకునేవాళ్ళు. టీ ముందు అతనికే వచ్చేది. ఎప్పుడూ కసురుకునే మేస్త్రి దూరంగా నిలబడి "కొండయ్యా" అని పిలిచేవాడు. చెయ్యి పోయిన నెలల్లో ఊరంతా జాలిగా చూసిన మనిషి అతను. లుంగీ కట్టించడానికి కూడా పెళ్ళాం కావలసొచ్చిన మనిషి. ఇప్పుడు వీధిలో నడుస్తుంటే పిల్లలు గోడకి అతుక్కుపోతున్నారు. ఒకరోజు ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ తనలో తాను చిన్నగా నవ్వుకోవడం ఇందు చూసింది. ఆ నవ్వు ఆమెకి నచ్చలేదు. అయినా సైకిలు నేర్పేటప్పుడు తను పడకుండా ఊరవతల దాకా సీటు పట్టుకుని పరిగెత్తిన అన్న అతను. పడితే తనే ముందు ఏడ్చినంత పని చేసేవాడు. అందుకని ఆ నవ్వు తాను సరిగ్గా చూడలేదనుకుంది.

మరి కొన్నాళ్ళకి అన్నం తింటుండగా కూరలో ఉప్పు తక్కువైందన్నాడు. "రేపట్నించి క్వారీ నించే తెచ్చుకో బావా, ఆడ రాళ్ళుప్పుంటది," అంది ప్రసూన నవ్వుతూ. ఆమె కొండయ్యకి మేనమామ కూతురు, చిన్నప్పటి నుంచీ అతనితో అలాగే మాట్లాడేది. కంచం గాల్లోకి లేచి ఆమె చెవి మీద పడింది. స్టీలు కంచం అంచుకి చెవి సగం తెగింది. మెతుకులు, నెత్తురు గోడ మీద కలిసి జారాయి.

"చెయ్యి ఊరుకోలా," అన్నాడు కొండయ్య.

"పాడు చెయ్యి. దాన్ని చేసినోళ్ళ చేతులు పడిపోను," అని రవణమ్మ తిడుతూ కోడలి చెవికి పసుపు అద్దింది.

అందరూ చేతినే తిట్టారు. ఇందు కూడా తిట్టింది. కానీ ఆ పూట కొండయ్య ముఖం మీదికి ఏదీ రాలేదు. ఈ ముక్క ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

మర్నాడు బోరింగు దగ్గర బట్టలు ఉతుకుతూ అడిగింది. "వదినా, మీ నాన్న దగ్గరికి కొన్నాళ్ళు పోకూడదా?"

"ఎందుకు?"

"మళ్ళీ కొడితే?"

ప్రసూన దుప్పటి మెలి తిప్పి నీళ్ళు పిండింది. "మా అక్క మొగుడు దాన్ని కొట్టేవోడు. తాగొచ్చి, తెలిసి కొట్టేవోడు. నేను పెళ్ళి రోజే మా నాన్నకి జెప్పా, మొగుడు చెయ్యెత్తిన రోజు నీ ఇంటికొస్తా, తలుపు తియ్యమని. బావే కొట్టుంటే ఒక్క పూట కూడా ఉండేదాన్ని గాదు ఇందూ. ఆ ఇనుముకేం దెల్సు, నేనెవుర్నో." తెగిన చెవి వైపు తల పక్కకి వంచి, "నువ్వు ఈ పక్క నుంచి మాట్లాడు, ఆ పక్క ఇనపడట్లా," అంది.

ఇందు అప్పుడే నిర్ణయించుకుంది.

* * *

వట్టి సాఫ్ట్‌వేరు నెట్‌లో ఎవరైనా తీసుకోవచ్చు. కంపెనీదాన్ని కూడా ఒక కాపీ తీసి దాచుకుంది. ఆదివారం మధ్యాహ్నం వట్టిది ఎక్కించాలి. సోమవారం పొద్దున అన్న క్వారీ గేటు దగ్గరికి వెళ్ళేలోపు కంపెనీది మళ్ళీ పెట్టేయాలి. అది ఆమె ఉపాయం. ఒక్క సాయంత్రమైనా వదిన భయం లేకుండా వడ్డిస్తే, అది చూపించి, ఇంట్లో ఉన్నంతసేపూ వట్టిదే ఉంచుకొమ్మని అన్నని ఒప్పించవచ్చు. అన్న కాదనడు. తప్పంతా కంపెనీదని రుజువైతే అందరికంటే ఎక్కువ సంతోషించేది అతనే.

కొండయ్య భోంచేసి, చెమటకి పట్టీ ఒరుసుకుంటోందని చెయ్యి తీసి కిటికీ పక్కన పెట్టి పడుకున్నాడు. ఇందు వెళ్ళి దాన్ని రెండు చేతులతో ఎత్తుకుంది. పసిబిడ్డంత బరువుంది. పెరట్లో దడి చాటున కూర్చుని ఫోను తీగ మోచేతి సందులో గుచ్చి, మణికట్టు దగ్గరి మీటలు రెండూ నొక్కి పట్టుకుంది. తన ఫోనుకి చేసినట్టే. కొంతసేపు ఏమీ కాలేదు. తర్వాత చెయ్యి ఒక్కసారి బిగుసుకుని, ఎదురుగా ఉన్న దడి కంపని పట్టి విరిచి, ఆగిపోయింది. వేళ్ళు ఒకటొకటిగా విచ్చుకున్నాయి. అరచెయ్యి వెల్లకిలా ఆమె ఒళ్ళో పడింది.

ఇందు ఆ అరచేతి మీద తన చెయ్యి పెట్టి చూసింది. గుప్పిట బిగించి దాని ఎదురుగా గట్టిగా ఆడించింది. కదల్లేదు. అప్పుడు ఆమెకి ఏడుపు ఆగలేదు, సంతోషంతో.

చేతిని మళ్ళీ కిటికీ పక్కన పెట్టేసింది. కొండయ్య లేచి తగిలించుకున్నాడు. వేళ్ళు ముడిచి చూసుకుని, "నిద్రమత్తు దీనికి గూడా ఉంటదేమో," అన్నాడు. అంతే. దమయంతి చెప్పినట్టు నరాలు అలవాటు పడిపోయాయి.

సాయంత్రం అందరూ వసారాలో ఉన్నారు. నాయనమ్మ మంచం మీద, అమ్మ బియ్యం చాట ముందు. ప్రసూన కొండయ్యకి టీ ఇచ్చి, దగ్గరే నిలబడింది.

"బావా, ఒక వారం మా నాన్నకాడికి పోయొస్తా. చెవి సూపిచ్చుకోవాల."

"ఈడ డాక్టర్లు లేరా?"

"ఉన్నారు. మా అమ్మని సూడాలనుంది."

"అమ్మని సూడటానికా, నేను కొడతన్నానని చెప్పుకోటానికా?"

"చెప్పుకునేదానికి ఏముంది బావా. నువ్వు కొట్టలేదుగా," అంది ప్రసూన మామూలుగా. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. అతను మాత్రం ఆమె ముఖంలోకి అదేపనిగా చూశాడు, అందులో ఎత్తిపొడుపు వెతుకుతున్నట్టు.

గ్లాసు కింద పెట్టాడు. కుడిచేత్తోనే, నెమ్మదిగా, అరుగు అంచున పడిపోకుండా లోపలికి జరిపి పెట్టాడు. ఇందు అది చూసింది. తర్వాత లేచి, ఎడమచేత్తో ప్రసూన జుట్టు పట్టుకున్నాడు, కుడిచేత్తో ముఖం మీద కొట్టాడు.

ఒక్క దెబ్బతో ఆగలేదు. రెండో దెబ్బకి దవడ పక్కకి జరిగింది. ఆ తర్వాత ఆమె కాళ్ళు తేలిపోయాయి, జుట్టు పట్టుకున్న ఎడమచెయ్యే ఆమెని నిలబెట్టి ఉంచింది. పళ్ళు చాటలో బియ్యం మీద పడ్డాయి. "చెయ్యి ఊడబీకరా కొండయ్యా, ఆ చెయ్యి ఊడబీకు," అని రవణమ్మ అతని భుజం పట్టీ లాగుతోంది. ఇందు వెళ్ళి అతని ఎడమచేతి మీద పడి, కండ ఊడేలా కొరికింది. అప్పుడు వదిలాడు. ప్రసూన కుప్పలా జారిపోయింది.

కొండయ్య రొప్పుతూ గోడకి ఆనుకున్నాడు. కొంచెంసేపటికి, "చెయ్యి... చెయ్యి ఊరుకోలేదమ్మా," అన్నాడు.

"తెలుసు నాయనా, తెలుసు," అంది రవణమ్మ.

ఇందు నోట్లో అన్న నెత్తురు ఉప్పగా ఉంది. ఊసింది. "మద్దేనం నేను దాన్లో కంపెనీది తీసేశా," అంది.

కొండయ్య తలెత్తి చూశాడు.

"నువ్వు పడుకున్నప్పుడు తీసేసి వట్టిది పెట్టా. దానంతట అదిప్పుడు ఏమీ చెయ్యదు అన్నా. నువ్వు చెప్పిందే చేస్తది."

"అబద్ధం," అన్నాడు కొండయ్య.

అని కుడిచెయ్యి ముఖం ముందుకి ఎత్తుకున్నాడు. వేళ్ళు విప్పాడు. ముడిచాడు. మళ్ళీ విప్పాడు. బొటనవేలు ఒక్కటే ఆడించాడు. అతను అనుకున్నవన్నీ అది చేసింది. అనుకోనిది ఒక్కటీ చేయలేదు. అతను వాకిట్లోకి నడిచి, కుళాయి తిప్పి, దాని కింద తల పెట్టి అలాగే వంగిపోయాడు.

"మరి నా చెయ్యి నలగ్గొట్టింది?" అంది తిరుపతమ్మ మంచం మీద నుంచి, చిన్నపిల్లలా.

"అది కంపెనీదే నాయనమ్మా. ఇది అన్న."

రవణమ్మ లేచి కూతురి జబ్బ పట్టుకుంది. "పోయి పెట్టెయ్. ఇప్పుడే ఆ కంపెనీది మళ్ళా దాన్లో పెట్టెయ్. తీసినట్టు మనకి తప్ప ఇంకెవరికీ తెలవకూడదు. ఇన్నావా?"

ఇందు జబ్బ విడిపించుకుని ఫోను తీసి ఆటోకి చెప్పింది. జీవితంలో అంత గట్టిగా ఆమె ఎవరితోనూ మాట్లాడి ఉండదు. ఒంగోలు ఆసుపత్రికి, అక్కడి నుంచి మేనమామ ఇంటికి. చూసేసరికి ప్రసూన వసారాలో లేదు. నేల మీద నెత్తుటి చార మధ్యగదిలోకి వెళ్ళింది.

గది తలుపు ఓరగా ఉంది. ఇందు తలుపు చట్రం పట్టుకుని లోపలికి వంగింది. ప్రసూన మంచం కోడు పట్టుకుని లేచి నిలబడుతోంది. తువ్వాలు నోటికి అదుముకుంది. దవడ ఒక పక్కకి వేలాడుతోంది.

"వదినా, ఆటో వస్తంది. లే, పోదాం. మీ నాన్న తలుపు తీస్తాడు."

ప్రసూన నెమ్మదిగా నడిచి గుమ్మం దాకా వచ్చింది. వినపడే చెవి ఇందు వైపు తిప్పింది.

"చెయ్యి," అంది. మాట నలిగి వచ్చింది. "చెయ్యే కొట్టింది."

"కాదు వదినా. నేను తీసేశా. ఇందాక వాకిట్లో అన్న కూడా చూసుకున్నాడు, అది అన్న..."

ప్రసూన తల అడ్డంగా ఊపింది. ఊపితే నొప్పికి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. అయినా ఊపుతూనే ఉంది. ఆటో వీధి మలుపులో హారన్ కొట్టింది. వాకిట్లో కుళాయి ఆగింది. తడికాళ్ళ చప్పుడు వసారా ఎక్కింది.

"వదినా, రా."

ప్రసూన చెయ్యి చాచి, చట్రాన్ని పట్టుకున్న ఇందు వేళ్ళని నలగకుండా ఒకటొకటిగా విడదీసింది. ఆ చేతిని జాగ్రత్తగా బయటికి జరిపింది. తర్వాత తలుపు వేసేసింది.